శివారు ఇంట్లో తాళంచెవి

ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు
మా చేలోకి వచ్చేసరికి
ఎన్ని రేవుల సబ్బు వాసన మోసుకొస్తాయో!
దారిలో ఎవరో గేదెల్ని కడుగుతారు,
ఎవరో ఆయిలింజను దించుతారు,
ఎవరో అర్ధరాత్రి తూముకి గోనెసంచి కుక్కి
పొద్దున్నే ఏమీ ఎరగనట్టు
గట్టు మీద పళ్లు తోముకుంటారు.

మాది శివారు.
మా తరవాత చేను లేదు, మడ అడవి.
దాని తరవాత ఉప్పు.
కాలవ ముఖం చాటేసిన ఏడాది
ఉప్పు మా వరి మొదళ్ల దాకా నడిచొచ్చి
తెల్లగా కూర్చునేది,
పొమ్మన్నా పోని చుట్టంలా.

ఓ దాళ్వాకి, వరి పొట్ట మీదుండగా
పై చేల రాజుగారి పాలేరూ మా ఏసోబూ
పారలెత్తారు.
ఏసోబు చెవి సగం తెగింది.
నీటి సంఘం ప్రెసిడెంటు వచ్చి
వంతులు రాశాడు, ఎకరాకి నలభై నిమిషాలని.
కాగితం సొసైటీ గోడకి అంటించాడు.
మేక తినేసింది.
నిజంగానే. మా చంటమ్మ మేక.

లస్కరు మస్తానయ్య అప్పుడన్నాడు,
ముప్పై ఏళ్లు గట్టు మీద సైకిలు తొక్కినవాడు:
"పాయసం వడ్డించేవాడు ఆఖర్న తినాలి.
షట్టరు తాళం ఆఖరి చేనివాళ్ల ఇంట్లో ఉండనీండి."
అందరూ నవ్వారు.
రాజుగారు కండువా దులుపుకుని లేచిపోయారు.

ఆ నవ్వు శ్రావణం దాకా ఉంది.
అప్పుడు పట్టిన వాన ఆరు రోజులు వదల్లేదు.
మురుగు కాలవ నిండా గుర్రపుడెక్క,
మనిషి నడిస్తే మోసేంత దట్టంగా.
పై చేల సార్వా నడుంలోతు నీళ్లలో కుళ్లిపోయింది.
ఆ మురుగు పోవలసింది మా చేల పక్కనుంచే.
మేము కత్తి పట్టలేదు.
గట్టు మీద కూర్చుని చూశాం.
మంచిపని అని చెప్పను,
మా నాట్లూ మునిగాయి ఆ చూడ్డంలో.

వాన వెలిశాక
రాజుగారే పేటలోకి వచ్చారు.
పుట్టి బుద్ధెరిగాక మా సందులోకి రావడం అదే మొదలు.
కుర్చీ వేశాను. కూర్చోలేదు.
తాళంచెవి అరుగు మీద పెట్టి వెళ్లారు.

చర్చి కేలండరు కింద మేకుకి తగిలించాను.
ఎవరి వంతు వాళ్లే వచ్చి అడగాలి,
వంతు అయ్యాక పైవాణ్ణి నేనే లేపాలి,
తప్పినవాళ్లు ఓ పూట డెక్క తియ్యాలి.
ఇంతే కట్టుబాటు. రాసుకోలేదు,
మేకల భయం.

మొదటిసారి పాలేర్ని పంపారు.
ఇవ్వలేదు.
మర్నాడు తెల్లారుజామున చీకట్లో
"కరుణమ్మా, తాళం" అని ఓ గొంతు.
పేరు పక్కన ఏ తిట్టూ లేకుండా
ఆ గొంతులో నా పేరు వినడం
చెవికి కొత్తగా, కొంచెం గరుగ్గా ఉంది.

మాఘంలో ఓ రాత్రి.
నా వంతు అయిపోయింది.
మడిలో ఇంకా ఓ మూల నెర్రె నోరు తెరుచుకునే ఉంది.
తాళంచెవి నా కొంగులో.
పైన రాజుగారి ఇంట్లో దీపం లేదు.
నీళ్లు ఆ నెర్రెలోకి దిగే చప్పుడు వింటూ
నిలబడిపోయాను.
బిడ్డ పాలు తాగుతుంటే లేవబుద్ధి కాదు చూడండి,
అలాగ.

తరవాత వెళ్లి తలుపు కొట్టాను.
పొద్దున్న అందరి ముందూ చెప్పేశాను,
"పది నిమిషాలు తిన్నాను" అని.
మస్తానయ్య బీడీ ఆర్పి
"పదకొండు" అన్నాడు.
ఏ చీకట్లో నిలబడి లెక్కెట్టాడో!

ఓ పూట డెక్క తీశాను.
ఊదారంగు పూలు, వేళ్లనిండా జలగలు.
ఏసోబు ఒడ్డునుంచి చూసి నవ్వుతున్నాడు,
ఆ సగం చెవి వైపు తల వంచి.
కాస్సేపటికి
అవతలి ఒడ్డున ఎవరో పంచె ఎగ్గట్టి దిగారు,
ఏ జరిమానా లేకుండానే.
నేను తలెత్తి చూడలేదు.
లాగే తీగ మాత్రం తేలికైంది.

ఉప్పుగాలికి తాళంచెవి తుప్పు పడుతుంది.
ఆదివారం ఆదివారం కొబ్బరినూనె రాస్తాను,
నా తలకి రాసుకోగా
అరచేతిలో మిగిలింది.